నేల సంపెంగ దుంపలు ఇంట్లో ఎలా పెట్టాలి, ఆకులే వచ్చి పూలు రాకపోతే ఏం చూసుకోవాలి

జూన్ వచ్చిందంటే చాలు, తెలిసినవాళ్ళంతా నన్ను ఒకటే అడుగుతారు. లిల్లీ దుంపలు పెట్టామండీ, ఆకులు గడ్డిలా ఏపుగా వచ్చాయి, ఏడాదైనా ఒక్క కాడ కూడా లేవలేదు, ఏం తప్పు చేశాం అని. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే అంతా ఒకచోట రాసిపెడితే అందరికీ పనికొస్తుందని ఇది రాస్తున్నా. కొత్తగా పెట్టేవాళ్ళు మొదటినుంచీ చదవండి, ఆల్రెడీ పెట్టి పూలకోసం ఎదురుచూస్తున్నవాళ్ళు కిందికెళ్ళి "పూలు రాకపోతే" అన్న భాగం ముందు చూసుకోండి.

ముందు పేరు దగ్గర వచ్చే గొడవ తేల్చుకుందాం, ఎందుకంటే సగం డబ్బులు ఇక్కడే పోతాయి. మన పూలకొట్లో లిల్లీ అంటే కాడకి వరసగా తెల్లగా పూసి, పొద్దుగూకేసరికి వాకిలంతా వాసన నింపేసే పువ్వు. దాన్నే మన దగ్గర నేల సంపెంగ అంటారు, హిందీవాళ్ళు రజనీగంధ అంటారు, కన్నడవాళ్ళు సుగంధరాజ అంటారు. కానీ ఆన్‌లైన్‌లో లిల్లీ బల్బ్స్ అని కొడితే ఏషియాటిక్ లిల్లీ వస్తుంది, అది చలి ఉన్నచోట బాగుంటుంది, మన ఎండలకి నిలబడటం కష్టం. లేకపోతే రెయిన్ లిల్లీ వస్తుంది, అది ఇంకో మొక్క. కాబట్టి ఆర్డర్ పెట్టేటప్పుడు ట్యూబ్‌రోజ్ అని చూసి పెట్టండి. ఇంకోటి, నీలం రంగు, ఆకుపచ్చ రంగు రజనీగంధ అని ఫొటోలు పెట్టి అమ్ముతుంటారు, అవి నమ్మొద్దు. పూలకొట్లలో కనపడే రంగురంగుల కాడలు తెల్లవాటినే రంగు నీళ్ళలో నిలబెట్టి చేసినవి.

సింగిల్, డబల్ అని రెండు రకాలు దొరుకుతాయి. సింగిల్‌కి ఒకటే వరస రేకులు, వాసన బాగా ఎక్కువ, దండలకి కిలోల లెక్కన అమ్మేది ఇదే. డబల్‌కి రేకులు వరసలు వరసలుగా ఉంటాయి, కాడ బరువుగా అందంగా ఉంటుంది, ఫ్లవర్ వేజ్‌లకి బొకేలకి వాడతారు. బెంగళూరు దగ్గర హెసరఘట్టలో ఉన్న ఉద్యాన పరిశోధన సంస్థ సింగిల్‌లో శృంగార్, ప్రజ్వల్, డబల్‌లో సువాసిని, వైభవ్ అనే రకాలు ఇచ్చింది. నర్సరీలో ఈ పేర్లు అడిగి చూడండి. మొదటిసారి పెట్టేవాళ్ళకి నా సలహా సింగిల్ మాత్రమే. డబల్‌లో మొగ్గలు కొన్ని సరిగ్గా విచ్చుకోకుండానే వాడిపోతుంటాయి, అది చూసి మొక్కకి ఏదో తెగులు వచ్చిందని కంగారు పడతారు.

ఏమేం కావాలి

దుంపలు, మీ ప్రాంతంలో గడ్డలంటారేమో, ఒక కుండీకి నాలుగు చొప్పున. 12 అంగుళాల లోతూ 12 అంగుళాల వెడల్పూ ఉన్న కుండీ లేదా గ్రో బ్యాగ్, అడుగున కనీసం నాలుగైదు చిల్లులు ఉండాలి. ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్ట్, ఇసుక, వేపపిండి. కుళ్ళుని అడ్డుకునే ట్రైకోడెర్మా పొడి ఉంటే మంచిది. అన్నిటికంటే ముఖ్యంగా రోజుకి కనీసం ఆరు గంటలు నేరుగా ఎండ పడే చోటు. ఈ చివరిది లేకపోతే మాత్రం దుంపలు కొనకండి, నిజంగా చెప్తున్నా. ఉత్తరం వైపు బాల్కనీలో ఆకులు పెరుగుతాయి తప్ప పూలు రావు, ఆ చోటుకి వేరే మొక్క చూసుకోండి.

ఎప్పుడు పెట్టాలి

మన ఆంధ్రా తెలంగాణల్లో రెండు అదనులు బాగుంటాయి. ఒకటి ఫిబ్రవరి మార్చి, ఇంకోటి తొలకరి పడ్డాక జూన్ జూలై. ఫిబ్రవరిలో పెడితే వానాకాలం మొదలయ్యేసరికి పూలు చూడొచ్చు, కాకపోతే మే నెల ఎండల్లో నీళ్ళు మర్చిపోకూడదు. జూన్‌లో పెడితే నీళ్ళ బాధ ఉండదు కానీ కుళ్ళు భయం ఉంటుంది. డిసెంబర్‌లో పెట్టినవి చలికి నెలైనా మొలకెత్తకుండా ఊరికే పడుంటాయి, తొందరపడి పెట్టి మట్టి తవ్వి తవ్వి చూసుకోవడం కంటే ఆగడమే మేలు.

ఇక ఎలా పెట్టాలో చూద్దాం

1. దుంపని ఏరుకోవడం. మొత్తం పనిలో ఇదే ముఖ్యం, ఇక్కడ ఎంతసేపైనా తీసుకోండి. దుంప ఉల్లిపాయలా గుండ్రంగా ఉండదు, కిందంతా లావుగా ఉండి పైకి సన్నబడుతూ కండెలా ఉంటుంది. దాని లావు భాగం మీద 10 రూపాయల బిళ్ళ పెట్టి చూడండి, దాదాపు అంత వెడల్పు ఉంటే మొదటి ఏడాదే పూస్తుంది. కొత్త రూపాయి బిళ్ళకంటే చిన్నగా ఉంటే ఆ ఏడాదంతా ఆకులే. చవగ్గా 50 దుంపలు 100 దుంపలు అని వచ్చే ప్యాకెట్లలో ఎక్కువ భాగం ఇలాంటి పిల్ల దుంపలే ఉంటాయి.

సైజు చూశాక బొటనవేలితో అడుగు భాగం నొక్కండి. గట్టిగా ఉండాలి, మెత్తగా లోపలికి పోతే అది కుళ్ళు. వాసన కూడా చూడండి, మంచి దుంపకి మట్టి వాసన తప్ప ఏమీ ఉండదు. ఆ తర్వాత దుంప పైభాగం మధ్యలోకి చూడండి, ఇది చాలామంది చూడరు. అక్కడ పుల్లలాంటి ఎండిపోయిన కాడ ముక్క గానీ, అది ఊడిపోయిన గుంట గానీ ఉందంటే ఆ దుంప ఒకసారి పూసేసింది. ఒకసారి పూసిన దుంప మళ్ళీ పూయదు, దాని పక్కన వచ్చే పిల్లలే పూస్తాయి. పెద్దగా ఉంది కదా అని అదే ఏరుకుంటే పిల్లలు పెరిగి పెద్దయ్యేదాకా ఆగాలి.

2. దుంప రెస్ట్ తీసుకుందో లేదో కనుక్కోండి. నేలలోంచి తవ్వాక నాలుగు నుంచి ఆరు వారాలు నీడలో ఆరితే దుంప చక్కగా, అన్నీ ఒకేసారి మొలకెత్తుతుంది. పక్కింటివాళ్ళు నిన్న తవ్వి ఇవాళ ఇస్తే వెంటనే పెట్టకండి, ఓ నెల గాలి తగిలే చోట ఆరబెట్టండి. నర్సరీలో కొంటే ఎప్పుడు తవ్వారని అడగండి. దుంప కొసన చిన్న ఆకుపచ్చ మొలక కనపడుతోందంటే ఆ దుంప సిద్ధంగా ఉన్నట్టు, ఆ రోజే పెట్టేసుకోవచ్చు.

3. శుభ్రం చేయడం, మందు పట్టించడం. పైన వదులుగా ఉన్న ఎండు పొట్టు, పాత వేర్లు తీసేయండి, గట్టిగా పీకొద్దు. లీటరు నీళ్ళలో 10 గ్రాముల ట్రైకోడెర్మా కలిపి అరగంట ముంచి, నీడలో ఆరబెట్టి నాటండి. వానాకాలంలో పెడుతూ కుళ్ళు భయం బాగా ఉంటే దాని బదులు కార్బెండజిమ్ అనే బూజు తెగుళ్ళ మందు లీటరుకి 2 గ్రాములు కలిపి అరగంట ముంచొచ్చు, చేతికి గ్లవ్స్ వేసుకోండి, ఆ నీళ్ళు ఆకుకూరల మడుల్లో పోయొద్దు. రెండూ కలిపి మాత్రం వాడకండి, ట్రైకోడెర్మా కూడా ఒక శిలీంద్రమే, కార్బెండజిమ్ దాన్నీ చంపేస్తుంది.

4. మట్టి కలపడం. నాలుగు పాళ్ళు ఎర్రమట్టి, మూడు పాళ్ళు ఎరువు, మూడు పాళ్ళు ఇసుక, కుండీకి రెండు గుప్పెళ్ళు వేపపిండి. పచ్చి పేడ వేయొద్దు, వేడికి దుంప పాడవుతుంది, వేరు పురుగులు కూడా చేరతాయి. కోకోపీట్, అంటే కొబ్బరి పొట్టు వేయాలనుకుంటే ఎండాకాలం నాటేటప్పుడు ఇసుకలో సగం తగ్గించి వేయండి, వానాకాలంలో అసలు వద్దు. గుంటూరు వైపు నల్లరేగడి నేల ఉన్నవాళ్ళు నేలలో పెట్టేటట్టయితే అడుగు ఎత్తు మడి కట్టి, అందులో ఇసుక, ఎరువు బాగా కలిపి పెట్టండి, ఆ నేలలో నీళ్ళు ఇంకక దుంప ఊపిరాడక చస్తుంది.

కుండీ నింపాక నాటకముందే టెస్ట్ చేయండి. ఒక మగ్గు నీళ్ళు పోయండి. పైన నిలవకుండా ఇంకిపోయి, నిమిషం రెండు నిమిషాల్లో అడుగు చిల్లుల్లోంచి కారడం మొదలవ్వాలి. పైనే చెరువులా నిలబడితే మట్టి తీసేసి ఇంకొంచెం ఇసుక కలపండి. దుంప పెట్టాక ఈ పని చేయలేం కదా.

5. నాటడం. మొనతేలిన వైపు పైకి, బోడిగా వేర్ల మచ్చలున్న వైపు కిందికి. రెండు అంగుళాల లోతు చాలు, చూపుడువేలు రెండు కణుపులు మునిగేంత. నేలలో అయితే దుంపకీ దుంపకీ జానెడు ఎడం, కుండీలో అయితే నాలుగు దుంపలు అంచునుంచి మూడు వేళ్ళ దూరంలో. లోతుగా పెడితే గట్టిగా నిలబడుతుంది అనుకుని అరచెయ్యంత లోతు పెట్టేవాళ్ళున్నారు, అలా పెడితే మొలక రావడానికే నెలన్నర పడుతుంది, వానాకాలమైతే లోపలే కుళ్ళిపోతుంది.

6. మొదటి మూడు వారాల నీళ్ళు. పెట్టిన రోజు మట్టంతా తడిసేలా ఒకసారి పోయండి. ఆ తర్వాత మొలక కనపడేదాకా పైమట్టి రెండంగుళాలు ఎండితేనే నీళ్ళు. వేలు గుచ్చి చూడండి, చల్లగా తడిగా తగిలితే ఆ రోజు మానేయండి. వేర్లు లేని దుంపకి రోజూ నీళ్ళు పోస్తే తాగేదెవరు, కుళ్ళడం తప్ప ఇంకేం జరగదు.

ఇక్కడ నా సంగతొకటి చెప్పాలి. మొదటి ఏడాది జూలైలో ఇరవై దుంపలు పెట్టాను, మిద్దె మీద మరకలు పడకూడదని ప్రతి కుండీ కింద ప్లాస్టిక్ పళ్ళెం పెట్టాను. వారం రోజులు ముసురు పట్టింది, పళ్ళాలు నిండిపోయాయి, నేను గమనించలేదు. ఎండ వచ్చాక చూస్తే కుండీల్లోంచి కుళ్ళిన ఉల్లిపాయ వాసన, వేలు పెడితే దుంప జావలా చేతికంటుకుంది. ఇరవైలో ఆరు మిగిలాయి. అప్పటినుంచీ వానాకాలంలో పళ్ళెం పెట్టను, కుండీని రెండు ఇటుకల మీద ఎత్తిపెడతాను. మీరూ అలాగే చేయండి.

7. మొలకొచ్చాక. 15 నుంచి 25 రోజుల్లో పచ్చటి మొన పైకొస్తుంది. నెలైనా రాకపోతే ఒక్క దుంపని పక్కనుంచి మెల్లగా మట్టి తప్పించి నొక్కి చూడండి. గట్టిగా ఉంటే మళ్ళీ కప్పేసి ఆగండి, మెత్తగా ఉంటే తీసేసి చుట్టూ మట్టి కూడా మార్చండి. ఆకులు జానెడు పెరిగాక నీళ్ళు పెంచండి, నేలలో వారానికి రెండుసార్లు, కుండీల్లో రోజు మార్చి రోజు, ఏప్రిల్ మే నెలల్లో రోజూ సాయంత్రం. ఆకుల మొదట్లో పోయండి, ఆకుల మధ్య సుడిలో నీళ్ళు నిలబడనివ్వకండి.

8. ఎరువు. నెలకోసారి కుండీకి రెండు గుప్పెళ్ళు వర్మీకంపోస్ట్, రెండు నెలలకోసారి ఓ చెంచాడు ఎముకల పొడి, అంతే. ఎముకల పొడి వాడని ఇళ్ళలో ఆవచెక్క (నూనె తీసేశాక మిగిలే ఆవపిండి) మూడు రోజులు నానబెట్టి పదింతలు నీళ్ళు కలిపి పదిహేను రోజులకోసారి పోస్తే సరిపోతుంది. యూరియా మాత్రం వేయకండి. ఆకులు ముదురాకుపచ్చగా, పొడుగ్గా, మెత్తగా పడిపోతున్నాయంటే నత్రజని ఎక్కువైంది, ఎరువు రెండు నెలలు ఆపేయండి.

9. కాడ వచ్చినప్పుడు. నాటిన మూడు నాలుగు నెలలకి ఆకుల మధ్యలోంచి కాడ లేస్తుంది. మొదట్లో అది కూడా ఆకులాగే ఉంటుంది కాబట్టి వేళ్ళతో తడిమి చూడండి, ఆకు పల్చగా కాలువలా ఉంటుంది, కాడ గుండ్రంగా గట్టిగా పెన్సిల్‌లా తగులుతుంది. ఆ రోజునుంచి నీళ్ళు తప్పకూడదు, ఇప్పుడు ఎండగడితే పై మొగ్గలు రాలిపోతాయి. రెండు మూడు అడుగులు పెరుగుతుంది, గాలికి విరక్కుండా సన్నటి కర్ర పాతి పాత చీర పీలికతో వదులుగా కట్టండి. కర్ర దుంపకి గుచ్చుకోకుండా నాలుగంగుళాల ఎడంగా పాతాలి.

10. పూలు కోయడం. కింద మొగ్గలు ముందు విచ్చుకుంటాయి, పైకి వెళ్ళే కొద్దీ రోజుకి రెండు మూడు. దేవుడికీ జడకీ అయితే విచ్చినవి విచ్చినట్టు పొద్దున్నే కోసుకోండి. వేజ్‌లో పెట్టాలంటే కింద రెండు మూడు పూలు విచ్చినప్పుడే కాడ కోసి వెంటనే నీళ్ళలో పెట్టండి, రోజూ నీళ్ళు మార్చి అడుగున అర అంగుళం ఏటవాలుగా కోస్తే పైమొగ్గలు కూడా ఇంట్లోనే విచ్చుకుంటాయి. పూలయిపోయిన కాడని మొదట్లోకి కోసేయండి. ఆకులు మాత్రం కోయకండి, వచ్చే పూలకి పిల్ల దుంపలు బలిసేది ఆ ఆకుల వల్లే.

పురుగులు, తెగుళ్ళు

ఆకుల మీద వెండి చారలు, పూలు వంకరగా గోధుమరంగు అంచులతో విచ్చుకుంటుంటే తామర పురుగులు. ఒక పువ్వు కోసి తెల్ల కాగితం మీద గట్టిగా దులపండి, సన్నటి నూలుపోగుల్లాంటివి కదులుతూ కనపడతాయి. లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పూట వారానికోసారి మూడు వారాలు కొట్టండి, నీలం రంగు జిగురు అట్టలు వేలాడదీయండి. ఎండాకాలంలో ఆకుల కింద సాలెగూడులాంటి సన్నటి బూజు, పసుపు చుక్కలు కనపడితే ఎర్రనల్లి, పైపుతో ఆకుల అడుగున నీళ్ళు గట్టిగా కొట్టండి, తర్వాత అదే వేపనూనె. మొగ్గకి గుండ్రటి చిల్లు ఉంటే లోపల మొగ్గ తొలిచే పురుగు ఉంటుంది, ఆ మొగ్గ తుంచి పారేయడమే.

మొదలుకుళ్ళు కొంచెం ప్రమాదం. ఆకులు అడుగునుంచి పసుపురంగుకి తిరిగి సులభంగా ఊడి వస్తుంటే, మట్టి దగ్గర తెల్లటి బూజూ అందులో ఆవగింజల్లాంటి గింజలూ ఉన్నాయేమో చూడండి. ఉంటే ఆ మొక్కని మట్టితో సహా తీసి బయట పడేయండి, కంపోస్ట్ డబ్బాలో వేయొద్దు, ఆ గింజలు మట్టిలో ఏళ్ళ తరబడి బతుకుతాయి. మొక్క ఎదగక పాలిపోయి, తవ్వితే వేర్లకి పూసల్లా ముడులు కనపడితే నులిపురుగులు. ఆ చోట వంగ, టమాటా, బెండ పెట్టకుండా ఒక పంట బంతి వేయండి, నాటేటప్పుడు వేపపిండి రెట్టింపు వేయండి. శృంగార్ రకం ఈ నులిపురుగుని కొంత తట్టుకుంటుంది.

పూలు రాకపోతే

ఈ వరసలోనే చూసుకోండి, మధ్యలో ఎరువులు మార్చేయకండి.

ముందు ఎండ. సెలవు రోజున గంట గంటకీ ఫోన్లో కుండీ ఫొటో తీయండి, ఎండ పడ్డ ఫొటోలు ఎన్నో లెక్కపెట్టండి. ఆరు కంటే తక్కువైతే కుండీ జరపండి, మిగతావన్నీ తర్వాత సంగతి. చాలామంది ఎండ బాగానే ఉందండీ అంటారు, లెక్కపెడితే మూడు గంటలే వస్తుంది.

ఎండ సరిపోతుంటే దుంప సైజు. నాటేటప్పుడు చిన్నవే పెట్టానని గుర్తుంటే కంగారు పడొద్దు, ఒక ఏడాది ఆకులు పెరగనివ్వండి, రెండో ఏడాది పూస్తాయి. పీకి పారేయకండి, అంతవరకూ మీరు పెట్టిన ఎరువంతా ఆ దుంపలోనే దాచుకునుంది.

మొదట్లో పూసి రెండు మూడేళ్ళకి ఆగిపోయిందా, అయితే కుండీ నిండిపోయింది. ఇది బాగా ఎక్కువగా జరిగేది. నేను నాలుగు దుంపలు పెట్టిన కుండీని మూడేళ్ళకి బోర్లిస్తే మట్టే కనపడలేదు, అంతా దుంపలే, ఒకదాన్నొకటి నొక్కేసుకుని అతుక్కుపోయాయి. కూర్చుని విడదీసి లెక్కపెడితే డెబ్బై దాటాయి, వాటిలో పూతకొచ్చే సైజువి పదిహేడే. మిగతావి చోటు లేక సన్నగా నిలిచిపోయాయి.

అలా అయితే చలికాలం చివర, జనవరిలో నీళ్ళు ఆపేయండి. మూడు నాలుగు వారాల్లో ఆకులు పండి వాలిపోతాయి, అప్పుడు కుండీ బోర్లించి మట్టి దులిపి చేత్తోనే విడదీయండి, కత్తి పెడితే దుంపకి గాయమై బూజు పడుతుంది. పెద్దవి, చిన్నవి, పూసేసినవి మూడు కుప్పలు చేయండి. పూసేసిన తల్లి దుంపలు కంపోస్ట్‌లో వేయండి. మిగతావి గోనెసంచి మీద పల్చగా పరిచి నీడలో, గాలాడే చోట నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచండి, నాలుగు రోజులకోసారి అటూ ఇటూ తిప్పండి, మెత్తబడ్డది కనపడగానే ఏరేయండి. ఫ్రిజ్‌లో పెట్టొద్దు, ప్లాస్టిక్ కవర్లో కట్టొద్దు. మార్చిలో పెద్దవి కుండీల్లో నాలుగేసి, చిన్నవి వేరే టబ్బులో దగ్గర దగ్గరగా పెట్టి ఏడాది పెంచండి.

ఇవన్నీ సరిగ్గానే ఉండి డిసెంబర్ జనవరిల్లో మాత్రమే పూలు లేకపోతే అది తప్పు కాదు, చలికి మొక్క నెమ్మదిస్తుంది. నీళ్ళు సగానికి తగ్గించి, ఎరువు ఆపి, ఫిబ్రవరి చివర్లో పైమట్టి రెండంగుళాలు గుల్ల చేసి రెండు గుప్పెళ్ళ వర్మీకంపోస్ట్ వేయండి. ఎండ ముదిరే కొద్దీ మధ్య ఆకుల్ని తడిమి చూస్తూ ఉండండి, పెన్సిల్‌లా గట్టిగా తగిలిన రోజు కర్ర పాతుకోండి.